ఫిరంగుల నడుమ పక్షిరాజు గూడు



"పక్షిరాజు" అనే మాట మన సంఘాలలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్రార్థనలో, ప్రసంగంలో, ఆదివారపు బడిలో ఎన్నిసార్లు విని ఉంటామో లెక్క లేదు. కాని ఆ మాట వినగానే మీ మనసులో ఏ పక్షి మెదులుతుంది? ఒక పల్లెలో పిల్లలను ఇదే ప్రశ్న అడిగాను. కొందరు గద్ద అన్నారు, కొందరు రాబందు అన్నారు, ఒక చిన్నవాడు చెయ్యెత్తి నెమలి అన్నాడు. అందరూ నవ్వారు గాని, వాడి తప్పేమీ లేదు. రాజు అనగానే కిరీటం ఉండాలి గదా!

నిజానికి పెద్దల మధ్య కూడా ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. హెబ్రీ భాషలో అక్కడ వాడిన "నెషెర్" అనే మాట గద్దనే గాక రాబందును కూడా సూచిస్తుందని పండితులు చెబుతారు. మీకా గ్రంథం మొదటి అధ్యాయంలో బోడితలను ఆ పక్షితో పోల్చడం ఇందుకు ఒక ఆధారం. గద్ద తలమీద నిండా ఈకలుంటాయి. బోడిగా కనిపించేది రాబందు తలే.

ఈ నెల నేను వ్రాయబోయేది బైబిలు దేశపు పక్షిరాజును గూర్చి కాదు. అమెరికా దేశపు పక్షిరాజును గూర్చి, అది గూడు కట్టుకొన్న ఒక వింత చోటును గూర్చి. ఆ చోటు సైన్యంవారు ఫిరంగులు పేల్చే మైదానం.

ముందు ఆ పక్షిని పరిచయం చేసుకొందాం. ఇంగ్లీషులో దానిని "బాల్డ్ ఈగిల్" అంటారు. బాల్డ్ అంటే బట్టతల అని మనం చదువుకొన్నాం గనుక, దానికి తలమీద ఈకలు ఉండవనుకొంటాం. అది పొరపాటు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు తెలుపు అనే అర్థం కూడా ఉండేది. ఒళ్ళంతా ముదురు గోధుమరంగు, తల, తోక పాలవలె తెలుపు, ముక్కు పసుపు. పుట్టిన పిల్లకు ఈ తెలుపు ఉండదు. నాలుగైదు ఏండ్లు వచ్చేసరికి తల పూర్తిగా తెల్లబడుతుంది. మన చెరువులమీద, చేపలరేవుల దగ్గర తిరిగే గరుడపక్షిని చూశారు గదా, తల, రొమ్ము తెలుపు, ఒళ్ళు ఇటుకరంగు. దానిని రెండింతలు పెద్దది చేసి ఊహించుకోండి. రెక్కలు చాపితే ఈ కొసనుంచి ఆ కొసకు ఆరు మొదలు ఏడున్నర అడుగులు. మన సముద్రతీరంలో కనిపించే తెల్లపొట్ట సముద్రపు గద్ద దీనికి దగ్గరి చుట్టం.  మనం దీనిని తెల్లతల గద్ద అందాం.

1782లో అమెరికావారు తమ ప్రభుత్వ ముద్రమీద ఈ పక్షిని వేసుకొన్నారు. అయితే బెంజమిన్ ఫ్రాంక్లిన్ గారికి అది నచ్చలేదు. 1784లో కూతురికి వ్రాసిన ఉత్తరంలో, ఈ పక్షి నడవడి మంచిది కాదని, ఇంకొక పక్షి కష్టపడి పట్టిన చేపను లాక్కొంటుందని ఫిర్యాదు చేశారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. తెల్లతల గద్ద దొంగతనం చేస్తుంది, చచ్చిన చేపను, జంతువును కూడా తింటుంది. మరొక విచిత్రం, రెండు వందల ఏండ్లకు పైగా ముద్రమీద ఉన్నా, చట్టప్రకారం జాతీయ పక్షిగా దానిని ప్రకటించింది 2024 డిసెంబరులోనే.

దాని గూడు సంగతి చెప్పాలి. నీటికి దగ్గరలో, చుట్టుపక్కల చెట్లకంటె ఎత్తయిన పాత చెట్టును చూసుకొని, పైకొమ్మల పంగలో పుల్లలతో కడుతుంది. సాధారణంగా ఐదారు అడుగుల వెడల్పు ఉంటుంది. అదే జంట ఏటేటా అదే గూటికి వచ్చి, పాత పుల్లలమీద కొత్త పుల్లలు పేర్చుకొంటూ పోతుంది. ఫ్లోరిడాలో 1963లో కొలిచిన ఒక గూడు తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు ఉన్నదట. బరువు రెండు టన్నులకు పైమాటే. రెండెడ్ల బండి మీద ఎక్కించినా కదలదు! అటువంటి గూడు మోయాలంటే చెట్టు ఎంత పాతదై ఉండాలో ఆలోచించండి. నిన్న నాటిన చెట్టు పనికిరాదు. కొట్టివేసిన పాతచెట్టుకు బదులు ఇంకొకటి కావాలంటే ఒక మనిషి జీవితకాలం పడుతుంది.

గూటిలో ఒకటి మొదలు మూడు గుడ్లు పెడుతుంది. తల్లి, తండ్రి వంతులు వేసుకొని దాదాపు 35 రోజులు పొదుగుతాయి. పిల్లలు ఎగరడానికి మరో పది, పన్నెండు వారాలు. ఈ నాలుగైదు నెలలే ఆ పక్షి సంసారానికి కీలకం. మిగతా సంవత్సరమంతా అది ఎక్కడైనా తిరుగుతుంది, ఎలాగైనా బ్రతుకుతుంది.

ఇంతటి పక్షి దాదాపు నశించిపోయే స్థితికి వచ్చింది. మొదటి కారణం తుపాకి. అలాస్కాలో సాల్మన్ చేపలను తినేస్తున్నదని, దానిని చంపి తెచ్చినవారికి 1917 నుండి 1953 వరకు బహుమానం ఇచ్చేవారు. అలా లక్షకు పైగా గద్దలు చచ్చాయి. మిగతా రాష్ట్రాలలో 1940లోనే వాటిని చంపడం, అమ్మడం, గూటిని చెరపడం నేరమని చట్టం చేశారు. కాని చట్టానికి దొరకని శత్రువు ఇంకొకటి వచ్చింది. దాని పేరు మీకు బాగా తెలుసు.

మన ఊళ్ళలో మలేరియా సిబ్బంది వచ్చి, ఇంటి గోడలకు తెల్లగా డి.డి.టి. కొట్టి, తలుపుమీద తేదీ వ్రాసి పోవడం నలభై దాటినవారికి జ్ఞాపకముంటుంది. దోమను చంపి ఎందరి ప్రాణాలనో కాపాడిన మందు అది. ఆ మేలును కాదనలేము. అయితే అమెరికాలో రెండవ ప్రపంచ యుద్ధం తరువాత దానిని పొలాలమీద, అడవులమీద విమానాలతో కురిపించారు. వానకు అది వాగుల్లోకి కొట్టుకొచ్చింది. నీటిలోని పురుగును చిన్నచేప తిన్నది, చిన్నచేపను పెద్దచేప తిన్నది, పెద్దచేపను గద్ద తిన్నది. మెట్టు మెట్టుకు మందు చిక్కబడింది. గద్ద చావలేదు గాని, దాని గుడ్డు పెంకు పలుచబడింది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోయేది. పిల్లకు వెచ్చదనమియ్యవలసిన ఒళ్ళే పిల్లను నలిపివేసింది. ఇంతకంటె దుఃఖకరమైన సంగతి ఏముంటుంది? 1962లో రేచెల్ కార్సన్ అనే శాస్త్రజ్ఞురాలు "సైలెంట్ స్ప్రింగ్" అనే పుస్తకంలో ఈ మందుల కీడును జనానికి తెలియజేశారు. మరుసటి ఏడు లెక్క చూస్తే, అలాస్కా, హవాయి కాక మిగిలిన 48 రాష్ట్రాలలోను కలిపి గూడు కట్టిన జంటలు 417 మాత్రమే. 1972లో అమెరికాలో డి.డి.టి. వాడకాన్ని నిషేధించారు. మన దేశంలో వ్యవసాయానికి దానిని వాడరాదని 1989లో నిషేధించారు.

విషం ఆగింది. కాని తిరిగి రావలసిన పక్షికి చెట్టు కావాలి గదా? ఇక్కడే సైన్యం కథలోకి వస్తుంది.

అమెరికాలో నీటి ఒడ్డు భూమి బంగారంతో సమానం. సముద్రపు ఒడ్డున, నది ఒడ్డున, చెరువు ఒడ్డున ఇల్లు కట్టుకోవాలని అందరికీ ఆశే. పాతచెట్లు కొట్టి మేడలు, పడవల రేవులు కట్టారు. అలా కట్టలేని భూమి ఏదైనా మిగిలిందంటే, దానిలో చాలా భాగం సైన్యం కంచె లోపలే. ఆ దేశపు రక్షణ శాఖ చేతిలో దాదాపు 2.5 కోట్ల ఎకరాల నేల ఉన్నది. తుపాకులు కాల్చడానికి, బాంబులు వేయడానికి, విమానాలు దింపడానికి విశాలమైన స్థలం కావాలి. దాని చుట్టూ జనం ఉండకూడదు. ఏ పక్షినీ ఉద్దేశించి వారు ఆ కంచె వేయలేదు. మనుషులను దూరంగా ఉంచడానికి వేశారు. గద్దకు కావలసింది కూడా సరిగ్గా అదే.

మేరీలాండ్ రాష్ట్రంలో చెసపీక్ అఖాతం తల భాగాన అబర్డీన్ ప్రూవింగ్ గ్రౌండ్ అనే చోటు ఉన్నది. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగిన 1917లోనే దానిని స్థాపించారు. కొత్తగా చేసిన ఫిరంగులను, గుండ్లను అక్కడ పేల్చి పరీక్షిస్తారు. నేల, నీరు కలిపి 70,000 ఎకరాలకు పైగా ఉంటుంది. పేలకుండా మిగిలిపోయిన గుండ్లు ఆ బురదలో, నీటి అడుగున ఎన్ని ఉన్నాయో! అందుచేత బయటివారి పడవలను ఇష్టం వచ్చినట్లు అక్కడికి రానివ్వరు. ఫలితంగా మైళ్ళ పొడవున ఒడ్డు అడవిగానే మిగిలింది. అక్కడి చెట్లలో తెల్లతల గద్దలు గూళ్ళు కట్టుకొంటాయి. అంతే కాదు, వేసవిలో దక్షిణాన ఫ్లోరిడా వైపునుంచి, చలికాలంలో ఉత్తరాన కెనడా వైపునుంచి ఇతర గద్దలు వచ్చి ఆ అఖాతం దగ్గర కలుస్తాయి. మన ఊరి జాతరకు నాలుగు దిక్కులనుంచి బంధువులు దిగినట్టు!

కంచె ఉంటే చాలునా? చాలదు. కంచె బయటి మనిషిని ఆపుతుంది; లోపలి ట్యాంకును, హెలికాప్టరును ఎవరు ఆపుతారు? గూడున్న చెట్టు క్రింద దళం గుడారాలు వేస్తే, లేక రోడ్డు వేయడానికి ఆ చెట్టునే కొట్టివేస్తే, కంచె ఉండి లాభమేమి? అందుకే 1960లో అక్కడి పార్లమెంటు సైక్స్ చట్టం అనే దానిని చేసింది. సైనిక భూములలోని వన్యప్రాణులను, చేపలను, అడవిని కూడా చూసుకోవాలన్నది దాని సారాంశం. 1997లో దానిని మరింత గట్టిచేసి, ముఖ్యమైన ప్రకృతి సంపద ఉన్న ప్రతి సైనిక స్థావరానికీ ఒక వ్రాతపూర్వకమైన సంరక్షణ ప్రణాళిక ఉండాలన్నారు. కేంద్ర, రాష్ట్ర వన్యప్రాణి శాఖలతో కలిసి దానిని తయారు చేయాలి. ఆ పని కొరకు స్థావరాలలో జీవశాస్త్రజ్ఞులు ఉద్యోగులుగా ఉంటారు. ఒకరి బల్లమీద తుపాకుల పటం, ఇంకొకరి బల్లమీద గూళ్ళ పటం. రెండింటిని ఒకదానిమీద ఒకటి పరచి చూడడమే ఈ పనిలోని కష్టమంతా.

గూడు కనుగొనగానే దానిని పటంలో గుర్తిస్తారు. చుట్టూ ఎంత దూరం విడిచిపెట్టాలో చెబుతూ 2007లో కేంద్ర వన్యప్రాణి శాఖవారు సూచనలు ప్రచురించారు. పనిని బట్టి, గూటినుంచి ఆ పని కనిపించేదాన్ని బట్టి, 330 అడుగులో, 660 అడుగులో ఎడం ఉండాలి. గూడు కట్టే కాలంలో విమానాలు, హెలికాప్టర్లు వెయ్యి అడుగుల లోపలికి రాకూడదు. పేలుళ్ళవంటి పెద్ద శబ్దాలు అర మైలు లోపల చేయకుండా ఉండడం మంచిది. ఆ మోతకు అలవాటుపడిన పక్షులైతే ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉన్నది. కాలం కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. ఫ్లోరిడాలో అక్టోబరు, నవంబరు మాసాలలోనే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. చెసపీక్ దగ్గర జనవరి నుండి మార్చి వరకు. ఇంకా ఉత్తరాన చలి తగ్గిన తరువాత. గనుక దేశమంతటికీ ఒకే ఉత్తరువు పంపితే కుదరదు. ఏ స్థావరం లెక్క ఆ స్థావరానిదే.

సైన్యంవారికి ఇది సంతోషకరమైన విషయమని అనుకోకండి. వారి వైపునుంచి కూడా చూడాలి. పద్దెనిమిది, పంతొమ్మిది ఏండ్ల కుర్రవానిని యుద్ధానికి పంపేముందు సరిగా తర్ఫీదు ఇవ్వకపోతే, అతని తల్లికి జవాబు చెప్పుకోవలసింది ఆ అధికారే. ఒకచోట వడ్రంగిపిట్ట, ఇంకొకచోట తాబేలు, వేరొకచోట గద్ద అంటూ మైదానం ముక్కలైపోతే, మేమెక్కడ నేర్పాలి అని వారు అడిగారు. 2003లో పార్లమెంటు వారి మాట కొంత విన్నది. సరైన సంరక్షణ ప్రణాళిక అమలులో ఉండి, అది ఆ జీవికి మేలు చేస్తున్నదని తేలితే, ఆ సైనిక భూమిలో దానికొరకు ప్రత్యేక ఆవాసాన్ని వేరుగా ప్రకటించనక్కరలేదని చట్టం మార్చింది. ఇది సైన్యానికి చాలా ఎక్కువ వెసులుబాటు అని కొందరు, చాలా తక్కువ అని కొందరు వాదించారు. నా మట్టుకు నాకు, ప్రణాళిక నిజంగా అమలయ్యే చోట అది న్యాయమైన ఏర్పాటే అనిపిస్తుంది. కాగితంమీదనే ఉండిపోయే చోట మాత్రం గద్దకు అన్యాయమే.

ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయం యుద్ధనియమాల అధ్యాయం. పట్టణాన్ని ముట్టడించిన సైన్యం ఫలమిచ్చే చెట్లను నరకకూడదని అందులో ఉన్నది. రెండు అధ్యాయాలు దాటగానే, 22లో, దారిలో పక్షిగూడు కనబడితే తల్లిని పిల్లలతోగాని గుడ్లతోగాని కలిపి పట్టుకోకూడదని ఉన్నది. చిన్నప్పటినుంచి ఆ రెండు మాటలనూ వేరువేరుగానే చదివాను. ఈ సైనిక స్థావరాల సంగతి తెలిసిన తరువాత అవి పక్కపక్కనే ఉన్నట్టు కనిపించాయి.

ఇప్పుడు మిమ్మల్ని ఆశ్చర్యపరిచే సంగతి. ఫిరంగి మోతకు గద్ద గూడు విడిచి పారిపోతుందని అందరూ అనుకొంటారు. అబర్డీన్‌లో శాస్త్రజ్ఞులు దీనిని జాగ్రత్తగా పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించారు. ఆయుధ పరీక్షల మోత వినబడినప్పుడు చాలామట్టుకు గద్దలు కదలనైనా కదలలేదు. కూర్చున్నవి కూర్చున్నట్టే ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్ట్ లూయిస్ స్థావరం దగ్గర చలికాలంలో సాల్మన్ చేపల కొరకు వచ్చే గద్దలను వేరేవారు చూశారు. 1997లో ప్రచురించిన ఆ పరిశీలనలో, ఫిరంగులకంటె తలమీదుగా పోయే హెలికాప్టర్లకు, నదిలో దగ్గరకు వచ్చే పడవలకు అవి ఎక్కువగా లేచిపోయాయి. అరిజోనా రాష్ట్రంలో, 1991లో వెలువడిన ఇంకొక పరిశోధన అసలు దోషి ఎవరో చెప్పింది. గూడుకట్టే గద్దను అన్నిటికంటె ఎక్కువగా బెదరగొట్టేది కాలినడకన వచ్చే మనిషి!

ఇది వినడానికి వింతగా ఉన్నా, పల్లెలో పెరిగినవారికి తెలియనిది కాదు. పొదుగుతున్న కోడిపెట్ట పక్కన పెండ్లి బాజాలు మోగినా అది లేవదు. పిల్లవాడొకడు మెల్లగా గంపలోకి తొంగిచూస్తే మాత్రం రెక్కలు కొట్టుకొంటూ లేస్తుంది. దూరపు మోత దానికి వాన ఉరుములాంటిది. తనవైపే చూస్తూ, తనవైపే నడచి వచ్చేది వేటగాడు. ఒకసారి లేచిన తల్లిగద్ద తిరిగి వెంటనే రాకపోతే చలికి గుడ్డు చల్లబడుతుంది, లేదా కాకి వచ్చి ఎత్తుకుపోతుంది. కనుక సైనిక స్థావరాలలో గూటిచెట్టు దగ్గర కాపాడవలసింది ముఖ్యంగా మనుషుల రాకపోకలనుంచి. కాలినడకన వెళ్ళే దళం దారి మార్చుకొంటే చాలు, సగం పని అయినట్టే.

అలాగని ఫిరంగుల దగ్గర గద్దకు ఏ అపాయమూ లేదనుకోవద్దు. అపాయం ఎవరూ చూడని చోటనుంచి వచ్చింది. అబర్డీన్‌లో గద్దలు కరెంటు తీగలకు తగిలి చనిపోతున్నాయని గమనించారు. అంత పొడవైన రెక్కలు గల పక్షి స్తంభంమీద వాలి, ఎగరడానికి రెక్కలు విప్పితే, ఒకేసారి రెండు తీగలను తాకుతుంది. ప్రాణం క్షణంలో పోతుంది. చేపమీద చూపు నిలిపి వేగంగా వచ్చేటప్పుడు సన్నని తీగ కనిపించక గుద్దుకొనేవి మరికొన్ని. 2009లో ఈ మరణాలమీద ప్రత్యేకంగా ఒక అధ్యయనమే వెలువడింది. గుండ్లు పేలే మైదానంలో గుండ్లను తప్పించుకొన్న పక్షి, ఆఫీసు దీపానికి వెళ్ళే తీగ దగ్గర పడిపోవడం చూడండి. తీగలమధ్య ఎడం పెంచడం, తొడుగు వేయడం, కనిపించేలా గుర్తులు కట్టడం, వీలైన చోట భూమిలో పాతడం, ఇవే దానికి మందులు. అన్నీ డబ్బుతో కూడినవే.

ఈ తీగల మాట మన దేశానికి కూడా వర్తిస్తుంది గనుక ఒక్క నిమిషం ఇటు చూద్దాం. బట్టమేకపిట్ట పేరు కర్నూలు వైపువారికి తెలుసు. ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడులో దానికొరకు 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఇప్పుడు అక్కడ అది కనబడటమే గగనం. దేశంలో మిగిలిన కొద్దిపాటి బట్టమేకపిట్టలలో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలో ఉన్నాయి. వాటి ముఖ్యమైన ఆశ్రయాలలో ఒకటి ఏమిటో తెలుసా? మన సైన్యంవారి పోఖ్రాన్ కాల్పుల మైదానం! అణుపరీక్షల మూలంగా ఆ పేరు మనకు తెలుసు. అక్కడ కూడా కంచె లోపల గడ్డినేల మిగిలింది, కంచె బయట కరెంటు తీగలు పక్షిని చంపుతున్నాయి. 2021లో సుప్రీంకోర్టు ఆ తీగలను భూమిలో వేయించే ఉత్తరువు ఇచ్చింది. అంత విస్తీర్ణంలో అది సాధ్యం కాదని ప్రభుత్వం చెప్పగా, 2024లో దానిని సవరించి నిపుణుల కమిటీకి అప్పగించింది. బట్టమేకపిట్ట సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ నేలమీద.

తెల్లతల గద్ద కథ అంతకంటె మేలుగా నడిచింది. 1995లో దానిని "నశించే అపాయం" వర్గంనుంచి ఒక మెట్టు దించారు. 2007లో అపాయంలో ఉన్న జీవుల పట్టికనుంచి పూర్తిగా తీసివేశారు. అప్పటికి 48 రాష్ట్రాలలో 9,789 జంటలు. 2021లో ప్రకటించిన లెక్కలో 71,400 గూటి జంటలు, పిల్లలూ పెద్దలూ కలిపి 3 లక్షల 16 వేల పైచిలుకు గద్దలు! పట్టికనుంచి తీసివేసినా 1940 నాటి చట్టం పోలేదు. గూడు ఖాళీగా ఉన్న నెలలలో కూడా అనుమతి లేకుండా దానిని కూల్చకూడదు. అయితే కొత్త దిగులు కూడా ఉన్నది. వేటగాళ్ళ తూటాలలోని సీసం, చచ్చిన జంతువుల మాంసంతోపాటు గద్ద కడుపులోకి పోతున్నది. 38 రాష్ట్రాలలో 1,210 గద్దలను పరీక్షించి 2022లో ప్రకటించిన పరిశోధనలో, దాదాపు సగం పక్షుల ఎముకలలో దీర్ఘకాలంగా పేరుకొన్న సీసం జాడ కనబడింది.

చివరగా ఒక చోటును గూర్చి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ నగరం అంచున రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అనే స్థలం ఉన్నది. 1942లో, యుద్ధం మధ్య, అక్కడి రైతు కుటుంబాలను ఖాళీ చేయించి సైన్యంవారు దాదాపు 17,000 ఎకరాలు తీసుకొన్నారు. అక్కడ విషవాయువులు, అగ్నిబాంబులు తయారు చేశారు. యుద్ధం తరువాత కొంత స్థలాన్ని ప్రైవేటు కంపెనీలకు అద్దెకిచ్చారు. వారు 1982 వరకు అక్కడ పురుగుమందులు చేశారు. ఆల్డ్రిన్, డీల్డ్రిన్ వంటివి. మన పల్లెలలో పేరు వినగానే ఒళ్ళు జలదరించే ఎండ్రిన్ కూడా ఈ కుటుంబానిదే. వ్యర్థాలను గుంటల్లో పోశారు. భూమిలో నీరు విషమైంది. ఆ గుంటల్లో వాలిన బాతులు చచ్చిపోయాయి. దేశంలో అత్యంత కలుషితమైన స్థలాలలో అదొకటని పేరు వచ్చింది.

అంతటి చోట, 1986 చలికాలంలో, తెల్లతల గద్దలు చెట్లమీద గుంపుగా రాత్రి బస చేస్తున్నాయని కనుగొన్నారు! చుట్టూ నగరం పెరిగిపోయింది. కంచె లోపల మాత్రం గడ్డిమైదానం, దానిలో కలుగుల్లో ఉండే ప్రెయిరీ డాగ్ అనే ఉడుతజాతి జంతువులు, పాత చెట్లు మిగిలి ఉన్నాయి. గద్దలకు తిండి దొరికింది, మనిషి బెడద లేదు. ఆ తిండిలోనే విషం కూడా ఉన్నదన్న సంగతి వాటికి తెలియదు. ఏ జాతి మందులైతే పక్షులను చంపాయో ఆ మందులు పుట్టిన నేలమీదనే అవి తలదాచుకొన్నాయి. ఇది ఆశీర్వాదమా, శాపమా అని నేను చాలాసేపు ఆలోచించాను. రెండూ అనే అనిపించింది.

గద్దలు కనబడిన తరువాత ఆ భూమిని ఏమి చేయాలన్న మాట మారిపోయింది. 1992లో పార్లమెంటు దానిని వన్యప్రాణుల శరణాలయంగా చేయాలని చట్టం చేసింది. విషపు మట్టిని త్రవ్వి, కప్పి, భూగర్భజలాన్ని శుద్ధి చేసే పని ఏండ్ల తరబడి సాగింది. శుభ్రపరిచే పని ముగిసిందని 2010లో ప్రకటించారు. నీటి శుద్ధి, కాపలా ఆ తరువాత కూడా కొనసాగించవలసినవే. ఈలోగా 2002లో ఒక జంట అక్కడే గూడు కట్టుకొన్నది. 2007లో అడవిదున్నల వంటి బైసన్‌లను కూడా తెచ్చి వదిలారు. 1942లో ఇండ్లు విడిచిపోయిన రైతుల పొలాలు మాత్రం పొలాలుగా తిరిగి రాలేదు.

ఆ స్థలంలోనే అమెరికా ప్రభుత్వంవారి భాండాగారం ఒకటి ఉన్నది. దేశంలో ఎక్కడ గద్ద చనిపోయి దొరికినా, తీగ తగిలినదైనా, బండి గుద్దినదైనా, దానిని ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు. చల్లగా భద్రపరచి అక్కడికే పంపుతారు. అమెరికా ఆదివాసులకు గద్ద ఈక పవిత్రమైనది. వారి ఆరాధనలో అది లేకుండా జరగని కార్యాలున్నాయి. అర్జీ పెట్టుకొన్న ఆదివాసులకు అక్కడినుంచి ఈకలు, రెక్కలు, కొన్నిసార్లు పక్షినే పంపిస్తారు. పూర్తి పక్షి కావాలన్నవారికి వంతు రావడానికి సంవత్సరాలు పడుతుంది. వారు ఎదురు చూస్తారు.